ఊళ్ళో హెల్త్ క్యాంపుకి నాలుగు సంస్థలు కలవాలంటే ఏం చెయ్యాలి?

ముందు ఫ్లెక్సీ కొట్టించడం మానెయ్యండి. జోక్ కాదు. ఖమ్మం పక్కన మా ఊళ్ళో కంటి క్యాంపు పెట్టాం, ఒక కంటాస్పత్రి, ఒక క్లబ్బు, మా యూత్ పిల్లలం. రెండు గంటల మీటింగులో గంటన్నర ఎవరి లోగో ఎంత సైజు అన్న పంచాయితీయే. ఆపరేషన్ అయినోళ్ళని తర్వాత ఎవరు చూసుకుంటారని ఒక్కడూ అడగలా, నేనూ అడగలా.

శుక్లాల ఆపరేషన్‌కి అసలు పని ఇంటికొచ్చాకే. వారాల తరబడి చుక్కలు వెయ్యాలి, కంట్లో నీళ్ళు పడకూడదు, నలపకూడదు. మా వీధి చివర ఒక ముసలమ్మ ఉంటది, కొడుకు హైదరాబాదులో. రాత్రి తొమ్మిదింటికి బస్సు ఆమెని మెయిన్ రోడ్డు మీద దించేసి పోయింది, కంటికి కట్టు, చేతిలో కవరు, కవర్లో రెండు చుక్కల సీసాలు, ఇంగ్లీషు చీటీ. రెండూ ఒకేలా ఉన్నాయని ఒకదాన్నే వేసుకుందంట, అది కూడా సగం బుగ్గ మీదే. కన్ను ఎర్రబడ్డాక మా ఊరి ఆశా వర్కర్, మేం ఆశా అక్క అంటాం, చూసి సొంత డబ్బుల్తో ఆటో పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. వచ్చాక ఒక సీసా మెడకి ఎర్ర దారం కట్టి, పక్కింటి ఏడో క్లాసు పిల్లకి ఎలా వెయ్యాలో నేర్పించి, తనూ రోజూ వచ్చి చూసుకునేది. కన్ను నిలబడింది. ఫ్లెక్సీలో మాత్రం ఆశా అక్క పేరు లేదు, రిబ్బన్ కట్ చేసినాయనది మాత్రం రెండు చోట్లుంది.

పోలియో సంగతి చూడండి. ప్రభుత్వం, డబ్ల్యూహెచ్ఓ, యూనిసెఫ్, రోటరీ కలిసి చేశాయంటారు, నిజమే, 2011 జనవరిలో బెంగాల్ హౌరాలో వచ్చిన కేసు తర్వాత మన దేశంలో వైల్డ్ పోలియో, అంటే సహజంగా వ్యాపించే వైరస్ వల్ల వచ్చే పోలియో, లేదు, 2014లో పోలియో పోయిందని సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. కానీ నన్నడిగితే బూత్ రోజు అయిపోయాక ఇల్లిల్లూ తిరిగి, పిల్లల చిటికెన వేలికి సిరా మార్కు ఉందో లేదో చూసి, తలుపు మీద సుద్దముక్కతో రాసిపోయినోళ్ళ వల్లే అయ్యింది. సంస్థలు ఒప్పంద పత్రాలు (ఎంఓయూలు) ఎన్ని రాసుకున్నా సుద్దముక్క ఎవరి చేతిలో ఉందో తేలకపోతే లాభం లేదు.

రెండోసారి క్యాంపుకి ఆశా అక్కని మీటింగుకి పిలిచాం. లోగోల గొడవ మొదలవ్వకముందే "తమ్ముడూ, ఆ వారం మిర్చి ఏరే పని మీదుంటారు, ముసలోళ్ళని తీసుకొచ్చేదెవరు?" అంది. డేట్ మార్చాం. క్లబ్బు వాళ్ళు ఇప్పటికీ సరిగ్గా మాట్లాడట్లేదు, చీఫ్ గెస్ట్‌కి పాత డేటే చెప్పేశారంట.