టులూజ్ వెళ్లాలా వద్దా? భర్త వెంట వచ్చినదానిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: మీ ఆయనకు ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఇంజినీర్‌గా ఆఫర్ వచ్చింది. మీరు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నారు. పాపకి ఈ ఏడాదే మూడేళ్లు నిండుతాయి. ఇద్దరి జీతాలు ఉన్న ఇల్లు వదిలి, ఒక్కరి జీతం మీద అక్కడికి వెళ్లడం మంచిదేనా అని అడిగారు. నేనూ మీలాగే మా ఆయన ఉద్యోగం కోసం అకౌంట్స్ పని మానేసి వచ్చాను, ఇప్పటికీ టులూజ్‌లోనే ఉంటున్నాను. అందుకే మీ వైపు నుంచి రాస్తాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఉద్యోగం వచ్చినవాళ్లకి ఫ్రాన్స్‌లో పెద్ద ఇబ్బంది ఉండదు. టులూజ్ విమానాల తయారీకి పేరున్న ఊరు, ఆ రంగంలో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు, ఆఫీసులో పక్కన మనవాళ్లు ఉంటారు. కష్టమంతా ఇంట్లో ఉండేవాళ్లదే. బడి, డాక్టరు, బ్యాంకు, కరెంటు కంపెనీ ఫోను, పక్కింటావిడ, అన్నీ ఫ్రెంచ్‌లోనే. అంచేత మీరు రోజూ రెండు గంటలు ఫ్రెంచ్‌కి కేటాయించగలిగితే, ఆ టైమ్‌లో పాపని మీ ఆయన చూసుకుంటానంటే, రమ్మనే చెబుతాను. ఆ మాట ఇంట్లో ముందే తేలకపోతే మాత్రం ఎంత మంచి జీతమైనా సరే, ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇప్పుడు వీసా సంగతి. చాలామంది ఆఫర్ లెటర్‌లో జీతం అంకె చూసి సంతోషపడి, వీసా రకం అడగరు. మీ జీవితం మారేది అక్కడే. 'తాలాన్' (అంటే టాలెంట్, నైపుణ్యమున్న విదేశీయులకిచ్చే నివాస అనుమతి) కార్డు మీద వస్తే దాన్ని నాలుగేళ్ల దాకా ఇస్తారు. భార్యాపిల్లలు వెంటనే కలిసి రావచ్చు. మీకు వచ్చే కార్డు మీద విడిగా ఏ అనుమతీ లేకుండా ఉద్యోగం చేసుకోవచ్చు. అమెరికాలో భర్త ఉద్యోగ వీసా వెంట వచ్చే హెచ్-4 మీద ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న మన అమ్మాయిలు ప్రతి కుటుంబంలోనూ ఉన్నారు కాబట్టి, దీని విలువ మీకు నేను చెప్పక్కర్లేదు. ఇండియా కంపెనీయే పంపిస్తే అది వేరే కార్డు. మీకు పనిచేసే హక్కు ఉంటుంది కానీ మొత్తం మూడేళ్లకు మించి ఉండనివ్వరు. మూడోది మామూలు ఉద్యోగి కార్డు. దాని మీద వస్తే కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఆయన ముందు ఇక్కడ 18 నెలలు ఉండాలి, ఆ తర్వాతే దరఖాస్తు. పాప ఈ వయసులో ఉండగా ఆ ఎడబాటు వద్దు. ఆఫర్ ఒప్పుకునే ముందే హెచ్‌ఆర్‌ని ఈ మాట రాతపూర్వకంగా అడగమనండి.

డబ్బు గురించి ఎక్కువ రాయను. కంపెనీ చెప్పే జీతంలో దాదాపు 22, 23 శాతం సోషల్ సెక్యూరిటీకి, అంటే వైద్యం, పెన్షన్ లాంటివి చూసే ప్రభుత్వ బీమాకి పోతుంది. ఆదాయపు పన్ను దాని మీద అదనం. అయితే పన్ను కుటుంబంలో ఎంతమంది ఉన్నారో చూసి లెక్కగడతారు కాబట్టి ఒక్కరి జీతం మీద ముగ్గురు బతుకుతుంటే అది చాలా తక్కువ పడుతుంది. టులూజ్‌లో రెండు బెడ్‌రూమ్‌ల అద్దె సుమారు 900 నుంచి 1,000 యూరోలు, పారిస్‌తో పోలిస్తే చాలా నయం. అయినా హైదరాబాద్‌లో ఇద్దరి జీతాల్లో మిగిలినంత ఇక్కడ ఒక్క జీతంలో మిగలదు. ప్లాట్‌కి ఈఎంఐలు కట్టుకుంటూ ఉంటే ఇది గట్టిగా ఆలోచించాల్సిన విషయమే. ఇంకొకటి, ఇండియాలో ఉన్న బ్యాంకు ఖాతాలన్నీ, ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండే మనవాళ్ల ఖాతా) సహా, ఏటా ఇక్కడి పన్ను రిటర్న్‌లో చూపించాలి. చూపించకపోతే ఖాతాకి 1,500 యూరోల జరిమానా.

పాప విషయంలో మీకు ఏ భయమూ అక్కర్లేదు. 2019 నుంచి ఇక్కడ మూడేళ్ల నుంచే బడి తప్పనిసరి, ప్రభుత్వ బడికి ఫీజు లేదు. ఏ క్యాలెండర్ సంవత్సరంలో మూడేళ్లు నిండితే ఆ సెప్టెంబర్‌లోనే చేర్చుకుంటారు కాబట్టి ఆగస్టు లోపు వచ్చేలా చూసుకోండి. మా పెద్దమ్మాయి మొదట్లో ఏడుస్తూ వెళ్లేది, తొలి చలికాలం గడిచేసరికి బొమ్మలతో ఫ్రెంచ్‌లో మాట్లాడుతోంది. కష్టపడింది నేను. రోజూ బ్యాగులో ఒక నోట్‌బుక్ వస్తుంది. టీచరు చెప్పాల్సిన ప్రతిదీ దాంట్లో అంటిస్తుంది, మనం చదివి కింద సంతకం పెట్టాలి. అచ్చు కాగితమైతే ఫోన్‌లో అనువాదం చేసుకునేదాన్ని. టీచరు చేత్తో రాస్తే మాత్రం ఆ కలిపిరాత ఫోన్‌కి అర్థమయ్యేది కాదు. ఒక సాయంత్రం అలాంటి నాలుగు లైన్లు పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడితే, ఒక మొరాకో ఆవిడ తనంతట తానే వచ్చి చదివి పెట్టింది. గురువారం టీచర్ల సమ్మె, పిల్లని పంపొద్దు అని. నాకు ఇక్కడ మొదటి స్నేహితురాలు ఆవిడే. ఫ్రెంచ్ నేర్చుకునే కష్టం ఏమిటో తెలిసినవాళ్లు మనతో ఓపిగ్గా మాట్లాడతారు, వాళ్లని వదులుకోకండి.

బుధవారం మధ్యాహ్నం బడి ఉండదు, ఆరేడు వారాలకోసారి రెండు వారాల సెలవులొస్తాయి. చూసుకోడానికి అమ్మమ్మ, నానమ్మ లేని ఇంట్లో ఇది మీ ఉద్యోగానికి నేరుగా అడ్డొస్తుంది. బడిలోనే నడిచే ఆటల కేంద్రంలో పేరు రాయించుకోవచ్చు, ఫీజు మన ఆదాయాన్ని బట్టి ఉంటుంది.

ఫ్రాన్స్ మీద నాకు నిజమైన గౌరవం కలిగింది ఇక్కడ మా బాబు పుట్టినప్పుడు. ఆరో నెల నుంచి వైద్యం ఖర్చంతా సోషల్ సెక్యూరిటీదే. ఇంటికొచ్చాక మంత్రసాని ఇంటికే వచ్చి బిడ్డ బరువు చూసి, నాకు పాలు పట్టడం దగ్గరుండి చూపించింది. మా ఆయనకి 28 రోజుల సెలవు, అది 2021 నుంచి ఉన్న హక్కు. మేనేజర్‌ని బతిమాలక్కర్లేదు. మామూలు రోజుల్లో డాక్టర్ ఫీజు 30 యూరోలు, అందులో 70 శాతం దాకా తిరిగొస్తుంది, మిగతాదాంట్లో చాలావరకు కంపెనీ ఇన్సూరెన్స్ చూసుకుంటుంది. కొత్త పేషెంట్లను తీసుకునే డాక్టరు దొరకడమే కష్టం. రాగానే మొదలెట్టాల్సిన పనుల్లో అదొకటి.

అదే ప్రసవం సమయంలో నన్ను బాగా బాధపెట్టింది అమ్మ వీసా. అమెరికాలో లాగా ఆరు నెలలు ఉండటానికి లేదు. చూసిపోవడానికి ఇచ్చే షార్ట్-స్టే వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే. పిలవడానికి మునిసిపాలిటీకి వెళ్లి ఇల్లెంతుందో, జీతమెంతో చూపించి, స్టాంపు రుసుం కట్టి కాగితం తెచ్చుకోవాలి. బాబుకి సరిగ్గా నిద్ర కుదురుకోకముందే అమ్మ వెళ్లిపోవాల్సి వచ్చింది. ఇంట్లో ఒక్కరే సంతానమై, పెద్దవాళ్లకి ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉంటే, ఈ ఒక్క కారణం చాలు రాకుండా ఉండిపోవడానికి. అందులో తప్పేమీ లేదు.

ఇక మీ ఉద్యోగం. టెస్టింగ్ కాబట్టి మీకు నాకన్నా దారి సులువు. ఫార్మసిస్టు, డెంటిస్టు, డాక్టరు అయితే మన డిగ్రీ ఉన్నపళాన చెల్లదు, ఫ్రెంచ్‌లో పోటీ పరీక్ష రాయాలి. మీకు అలాంటి అడ్డు లేదు. కానీ ఇంటర్వ్యూలో టెక్నికల్ రౌండ్ ఇంగ్లిష్‌లో నడిచినా, టీమ్‌తో కూర్చునే రౌండ్ ఫ్రెంచ్‌లోనే ఉంటుంది. ఫ్రెంచ్‌లో బీ1 స్థాయి (భాషా స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2 అని పెరుగుతూ పోతాయి) వచ్చేదాకా నాకు ఒక్క పిలుపూ రాలేదు. వచ్చాక ఒక చిన్న కంపెనీలో ఇన్‌వాయిస్‌ల పని దొరికింది. అక్కడ మధ్యాహ్నం అందరితో కలిసి గంటసేపు భోజనం చేస్తుంటే వచ్చిన ఫ్రెంచ్ ఏ క్లాసులోనూ రాలేదు. ఉద్యోగం వచ్చాక అంతా వేరు. వారానికి 35 గంటలు, ఏడాదికి 5 వారాల సెలవు, సాయంత్రం ఆరు దాటాక ఫోన్ మోగదు. హైదరాబాద్‌లో మనం ఎంత అలసిపోయేవాళ్లమో ఇక్కడికొచ్చాకే నాకు తెలిసింది.

శాశ్వతంగా ఉండాలనుకుంటే ఆ భాషే మళ్లీ అడుగుతారు. 2026 జనవరి నుంచి పదేళ్ల కార్డుకి బీ1, పౌరసత్వానికి బీ2 చూపించాలి. సాధారణంగా ఐదేళ్లు ఉన్నాక అడగొచ్చు. గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ మన బంధువులతో పోలిస్తే ఐదేళ్లు ఏపాటి! అయితే కార్డు రెన్యువల్ ప్రతిసారీ టెన్షనే. దరఖాస్తు వెబ్‌సైట్‌లో పెట్టి నెలల తరబడి ఎదురుచూడాలి. ఊరు వెళ్లే టిక్కెట్లు ఆ నెలల్లో బుక్ చేయకండి.

రావాలని అనుకుంటే బయల్దేరేముందే రెండు పనులు చేయండి. ఒకటి, హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో చేరి ఏ2 దాకా పూర్తి చేయండి, ఇక్కడికొచ్చి అక్షరాలు దిద్దితే ఏడాది పోతుంది. రెండోది జనన ధ్రువీకరణ పత్రాలు. ముగ్గురివీ కావాలి, తల్లిదండ్రుల పేర్లు ఉండాలి, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించాలి. మన తరం వాళ్లలో చాలామందికి పదో తరగతి సర్టిఫికెట్ తప్ప ఇంకేం ఉండదు. ఉన్నా ఇంటిపేరు ఒకదాంట్లో పొట్టి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి పేరు. అన్నిటిలో పేరు పాస్‌పోర్ట్‌తో ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబర్ ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది, ఇక్కడి నుంచి దిద్దించుకోవడం నరకం.

మీ ఆయన ఆఫర్ ఫ్రాన్స్ కంపెనీ సొంత కాంట్రాక్టా, ఇండియా కంపెనీ పంపిస్తున్నదా? అది కనుక్కుని కింద రాయండి. దాన్ని బట్టి ఏ కాగితాలు ముందు పెట్టాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.