టెక్ సందేహాలు: బాడీ కంటే ముందు లెన్స్ లెక్క చూడండి

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడేసరికి కెమెరా ప్రశ్నలు వరుస కట్టాయి. వాటిలో మన సీమ నుంచి వచ్చిన మూడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు కేటాయించాను. అందులో ఒక రైతు కుటుంబం కష్టార్జితం ఉంది, తొందరపడి చెప్పే జవాబు కాదు.

అనంతపురం నుంచి: "అన్నా, డిగ్రీ అయిపోయింది. ఒక స్టూడియో అన్న దగ్గర పెళ్లిళ్లకు అసిస్టెంట్‌గా పోతున్నాను. నాన్న చెనక్కాయలు అమ్మిన డబ్బులో నుంచి 55 వేలు ఇచ్చినాడు. స్టూడియోలో అన్నీ క్యానన్ డీఎస్ఎల్ఆర్‌లే. షాపులో మాత్రం వాటి కాలం అయిపోయింది, కొత్త మిర్రర్‌లెస్ తీసుకో అంటున్నారు. ఏది కొనాల?"

డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనక అద్దం ఉంటుంది, మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం ఉండదు. షాపువాళ్ల మాటలో సగం నిజం ఉంది. క్యానన్, నికాన్ రెండూ ఇప్పుడు కొత్త మోడళ్లను మిర్రర్‌లెస్‌లోనే తెస్తున్నాయి. మిగతా సగం మీరు చూసుకోవాలి. మీ బడ్జెట్ దాదాపు మొత్తం కొత్త బాడీకి (లెన్స్ లేని కెమెరాకు), దానితో వచ్చే కిట్ లెన్స్‌కే పోతుంది. ఉదాహరణకు క్యానన్ ఆర్50తో వచ్చే 18-45 లెన్స్‌ను 45 దగ్గరకు జూమ్ చేస్తే అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/6.3కి పడిపోతుంది (ఈ నంబర్ పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). దాని బదులు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ పెడితే సుమారు పన్నెండు రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 పెట్టాల్సిన చోట దీనితో 500 చుట్టూ సరిపోతుంది. తెల్లవారుజామున ముహూర్తం, మండపంలో అరకొర లైట్లు, జీలకర్ర బెల్లం పెట్టే ఆ కొద్ది క్షణాలు. అక్కడ ఫొటో బాగా రావాలంటే ఏ సంవత్సరం బాడీ కొన్నారన్నది ముఖ్యం కాదు, ముందు ఏ లెన్స్ ఉందన్నదే ముఖ్యం.

మీకు ఇంకో పెద్ద ఆస్తి ఉంది, దాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు. మీ స్టూడియో అన్న లెన్సులు. క్యానన్ ఈఎఫ్ మౌంట్ (బాడీకి లెన్స్ బిగించే అమరిక) 1987లో వచ్చింది. అప్పటి నుంచి వచ్చిన ఈఎఫ్ లెన్సులన్నీ క్యానన్ డీఎస్ఎల్ఆర్ బాడీలకు పడతాయి. మీరూ అదే మౌంట్‌లో ఉంటే ఒక రిసెప్షన్‌కు ఆయన జూమ్ అడిగి తీసుకెళ్లొచ్చు, అర్జెంటుగా బ్యాటరీ అయిపోతే ఆయన ఛార్జర్ వాడుకోవచ్చు (బ్యాటరీ మోడల్ ఒకటే అయితే), మెనూలో ఏదైనా అర్థం కాకపోతే పక్కనే చెప్పేవాళ్లుంటారు. పని నేర్చుకునే కుర్రాడికి ఇంతకు మించిన లాభం ఏ కొత్త మోడల్ ఇవ్వదు. కొన్నేళ్లకు మిర్రర్‌లెస్‌కు మారినా ఈ లెన్సులు వృథా కావు. బాడీకి, లెన్స్‌కు మధ్య బిగించే క్యానన్ అడాప్టర్‌తో ఈఎఫ్ లెన్సులు, చిన్న సెన్సర్ల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులు ఆర్ఎఫ్ (క్యానన్ మిర్రర్‌లెస్) బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి.

అందుకని నా సలహా: సెకండ్ హ్యాండ్‌లో మంచి కండిషన్‌లో ఉన్న క్యానన్ 80డీ లేదా 800డీ చూడండి, 18-55 కిట్ లెన్స్‌తో కలిపి బేరం ఆడండి. బాడీకి మొత్తం డబ్బులో సగానికి మించి పెట్టకండి. మిగిలినదాంట్లో కొత్త 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్టీఎమ్ కొనండి, పదివేల చుట్టూ ఉంటుంది. తర్వాత ఒక ఫ్లాష్, ఒక స్పేర్ బ్యాటరీ, రెండు మంచి కంపెనీ మెమరీ కార్డులు. కార్డుల దగ్గర మాత్రం దయచేసి పొదుపు చేయకండి. తలంబ్రాల ఫొటోలు పోతే ఆ పెళ్లి మళ్లీ జరగదు.

క్యానన్ 1500డీ కొత్తది తక్కువలో వస్తుంది కదా అని చాలామంది అడుగుతుంటారు. పెళ్లి పనికి వద్దు. కారణం బయటికి కనపడని చిన్న విషయం. 1500డీ, 3000డీ, 200డీ రెండో వెర్షన్, ఈ మూడింటిలో ఫ్లాష్ బిగించే చోట మధ్యలో ఉండాల్సిన పిన్ను క్యానన్ తీసేసింది. ఆ ఒక్క పిన్నుతో పనిచేసే చౌక ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు (దూరంగా పెట్టిన ఫ్లాష్‌ను వెలిగించేవి) వీటిమీద వెలగవు. పైగా 1500డీలో వీడియోకు పనికొచ్చే డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ లేదు కాబట్టి వీడియో అడిగితే ఇబ్బంది. అలాగే ఎవరైనా క్యానన్ ఎం50 తక్కువకు ఇస్తామంటే ఆశపడకండి. ఆ ఈఎఫ్-ఎం మౌంట్‌ను కంపెనీ వదిలేసింది, మీరు ఎదిగే దారి అక్కడితో ఆగిపోతుంది.

50 ఎంఎం గురించి ఒక జాగ్రత్త. ఈ బాడీల సెన్సర్ చిన్నది కాబట్టి అది 80 ఎంఎం లెన్స్ చూసినంత దగ్గరగా చూస్తుంది. ముఖాలకు చాలా బాగుంటుంది, కానీ ఇంట్లో పెళ్లికూతుర్ని చేసే గదిలో వెనక్కి జరిగితే గోడ తగులుతుంది. అక్కడ కిట్ లెన్సే వాడండి. ఎఫ్/1.8 దగ్గర పెట్టి వధూవరులిద్దర్నీ తీస్తే ఒకరి కళ్లు స్పష్టంగా, ఇంకొకరివి మసకగా వస్తాయి. ఇద్దరున్నప్పుడు ఎఫ్/2.8 దాకా, గుంపు ఉంటే ఇంకా పైకి వెళ్లండి. ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డ చారలు వస్తుంటే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెట్టి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఎక్కువసార్లు తగ్గిపోతాయి. ఫ్లాష్‌ను తెల్లటి కప్పుకు కొట్టి వెనక్కి రప్పిస్తే వెలుతురు మెత్తగా పడుతుంది. షామియానా కింద మాత్రం ఆ పని చేయకండి, బట్ట ఏ రంగులో ఉంటే ముఖాలు ఆ రంగులోకి తిరుగుతాయి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు స్టూడియో అన్నను వెంట తీసుకెళ్లండి. తెల్ల గోడనో ఆకాశాన్నో ఎఫ్/16లో తీసి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీద మచ్చలు బయటపడతాయి. లెన్స్‌లో ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. లోపల సాలెగూడు లాంటి సన్నని దారాలు కనిపిస్తే అది ఫంగస్, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. బిల్లు మీద సీరియల్ నంబర్, బాడీ కింద నంబర్ ఒకటే అయి ఉండాలి.

కడప జిల్లా ప్రొద్దుటూరు నుంచి: "మా నాన్నగారు ఫొటో స్టూడియో నడిపేవారు. ఆయన పోయాక బీరువాలో రెండు నికాన్ లెన్సులు దొరికాయి. ఒకటి 50 ఎంఎం ఎఫ్/1.8, మీద ఏఎఫ్ అని, చివర డీ అని ఉంది. రెండోది 135 ఎంఎం, చేత్తో ఫోకస్ చేసేది. వీటితోనే గండికోట, సిద్ధవటం ఫొటోలు తీయాలని కోరిక. 40 వేలలోపు ఏ కెమెరా కొనమంటారు?"

మీ కోరిక చాలా బాగుంది, అది తీరే దారి కూడా ఉంది. అయితే బాడీ ఎంపికలో కొంచెం జాగ్రత్త కావాలి. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది, పాత లెన్సులు చాలావరకు కొత్త డీఎస్ఎల్ఆర్‌లకు బిగుస్తాయి. బిగిసినంత మాత్రాన అన్నీ పనిచేయవు. మీ 50 ఎంఎం లెన్స్‌లో మోటారు లేదు, బాడీలోని మోటారు తిప్పితేనే ఫోకస్ అవుతుంది. డీ3500, డీ5600 లాంటి వాటిలో ఆ మోటారు పెట్టలేదు. జెడ్ సిరీస్ మిర్రర్‌లెస్ తీసుకుని ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వేసినా ఈ లెన్స్‌కు ఆటోఫోకస్ రాదు.

మీకు సరిపోయేది సెకండ్ హ్యాండ్ డీ7200. అందులో మోటారు ఉంది. మీ 135కు కూడా లైట్ మీటర్ (వెలుతురు కొలిచేది) పనిచేస్తుంది, మెనూలో నాన్ సీపీయూ లెన్స్ డేటా దగ్గర 135 అని, లెన్స్ మీదున్న అపర్చర్ నంబర్ ఇస్తే చాలు. దాని తర్వాత వచ్చిన డీ7500లో ఈ మీటరింగ్ సౌకర్యం తీసేశారు, అందుకే పాతదే చెబుతున్నాను. బిగించేముందు 135 లెన్స్ అపర్చర్ రింగ్ చూడండి. నంబర్లు పెద్దవి ఒక వరుస, చిన్నవి ఇంకో వరుస ఉంటే సాధారణంగా అది ఏఐ రకం (1977 నుంచి నికాన్ తెచ్చిన లెన్స్ రకం), భయం లేదు. ఒకటే వరుస ఉంటే 1977కు ముందుది కావచ్చు, బలవంతంగా తిప్పితే బాడీ అంచున ఉన్న చిన్న మీట విరుగుతుంది. మెకానిక్‌కు చూపించండి. 50 ఎంఎం పెట్టాక స్క్రీన్ మీద ఎఫ్ఈఈ అని వస్తే కంగారు పడకండి. లెన్స్ రింగును అన్నిటికంటే పెద్ద నంబర్ మీద పెట్టి లాక్ చేస్తే పోతుంది.

గండికోటకు ఈ రెండు లెన్సులే చాలవు. పెన్నా లోయ మొత్తం పట్టాలంటే వెడల్పుగా చూసే లెన్స్ కావాలి, బాడీతో పాటు 18-55 ఒకటి అడగండి. ఖరీదైన వైడ్ లెన్స్ బదులు గట్టి ట్రైపాడ్ కొనండి. ఉదయం ఆకాశం తెల్లబడిపోయినా లోయ అడుగు ఇంకా నీడలోనే ఉంటుంది. కెమెరా కదలకుండా ఎక్స్‌పోజర్ మార్చి రెండు మూడు ఫ్రేములు తీసి కలిపితే రెండూ కనిపిస్తాయి. ఎఫ్/8 దగ్గర ఉండండి, ఎఫ్/22కు వెళితే బొమ్మ మెత్తబడుతుంది. అంచున గాలి ఎక్కువ, దుమ్ము ఎక్కువ. లెన్స్ మార్చాల్సి వస్తే కోట గోడ చాటుకు రండి. మీ 135ను మాత్రం సిద్ధవటం కోట ద్వారాల మీది శిల్పాలకు వాడి చూడండి, దూరం నుంచి ఆ చెక్కడాలను పట్టడానికి చక్కగా పనికొస్తుంది.

కర్నూలు నుంచి ఒక ఉపాధ్యాయురాలు: "నా దగ్గర నికాన్ డీ5100 ఉంది. వీరాపురం కొంగలు, రోళ్లపాడు జింకలు తీయాలి. సెకండ్ హ్యాండ్‌లో ఏఎఫ్-పీ 70-300 తక్కువకు వస్తోంది, కొనొచ్చా?"

వద్దు మేడం. ఏఎఫ్-పీ లెన్సులు డీ5100 మీద పనిచేయవు, చేత్తో తిప్పినా ఫోకస్ కాదు. పేరులో ఏఎఫ్-ఎస్ (లెన్స్‌లోనే మోటారు ఉన్నది) అని, వీఆర్ (చేతి వణుకును తగ్గించేది) అని రెండూ ఉన్నవే చూడండి. 55-300 వీఆర్ మీ బాడీకి సరిపోతుంది, 300 దగ్గర 450 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది. పాత అనంతపురం జిల్లా చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్లమీదే గూళ్లు కట్టుకుంటాయి, మనుషులకు అలవాటు పడ్డాయి కాబట్టి ఆ లెన్స్ చాలు. ఎగిరేటప్పుడు తీయాలంటే షట్టర్ వేగం 1/1000 సెకను కంటే తగ్గనివ్వకండి. గూళ్ల కిందకు వెళ్లి చప్పట్లు కొట్టి లేపే అలవాటు కొందరికి ఉంది, పిల్లలున్న సమయంలో అది చాలా అన్యాయం.

రోళ్లపాడు మైదానంలో కృష్ణజింకలు దూరంగా ఉంటాయి, 300 ఒక్కోసారి చాలదనిపిస్తుంది. అయినా వెంటనే పెద్ద లెన్స్ కొనకండి. ఎండ ముదిరాక నేల సెగకు గాలి అలలు అలలుగా ఊగుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా జింక మసకగానే వస్తుంది. సూర్యోదయం నుంచి ఎనిమిది ఎనిమిదిన్నర మధ్య తీసిన ఫొటోలు చూసుకున్నాక, ఇంకా తృప్తి లేకపోతే అప్పుడు రాయండి. పెద్ద జూమ్‌ల సంగతి మాట్లాడుకుందాం.