కత్తెర కనబడిందా?

తమ్ముడికి,

క్యూబా చిత్రకారుడు విఫ్రెడో లామ్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యమే పంటి కింద రాయిలా తగిలింది. ఆయన పుట్టుకని "మూడు ఖండాల త్రివేణీ సంగమం" అన్నావు. ఇలాంటివి నేనూ దండిగా రాశాను. ఒక ఎడిటర్ గారు నా వ్యాసమంతా ఎర్ర సిరా చేసి, మార్జిన్‌లో "బొమ్మ ఏదీ?" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. రెండ్రోజులు అన్నం సయించలేదు.

సంగమం అంటే నదులు వాటంతటవే వచ్చి కలిసినట్టుంటుంది. ఇక్కడ అందర్నీ క్యూబా దీవికి లాక్కొచ్చింది చెరుకు. 1902లో ఆయన పుట్టిన సాగువా లా గ్రాండె, క్యూబాలో చెరుకు పండే సీమ. తల్లి వైపు ఆఫ్రికా పూర్వీకులు బానిసలుగా చేరినవాళ్ళు. తండ్రి లామ్ యామ్ చైనావాడు, తోటివాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేవాడు. 1847 నుంచి చైనా కూలీల్ని ఓడల్లో తెచ్చి దింపిందీ ముఖ్యంగా ఈ తోటల కోసమే. మనవాళ్ళు మారిషస్, దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరుకు తోటలకి ఓడలెక్కిన కథకి ఇది పక్కింటి కథ.

ఇక 'ది జంగిల్' దగ్గరికి రా. 1943లో పూర్తయిన ఆ బొమ్మని ఆయిల్ పెయింటింగ్ అన్నావు. కాదు, కాగితం మీద గువాష్, అంటే నీళ్ళలో కలిపే చిక్కటి రంగులు. ఆ కాగితాన్ని కాన్వాసుకి అతికించారు. ఎత్తు 239 సెంటీమీటర్లు, మనిషిని మించి ఉంటుంది. పేరుకి అడవే గానీ వెనక నిలబడ్డవి చెరుకు గడలు. అడవిలో చెరుకు తోటలెక్కడివి? మాస్కు మొహాలు, చాటలంత పాదాలు, గడలతో కలిసిపోయిన కాళ్ళు. ఏది కాలో, ఏది గడో తేల్చుకోడానికి నాకు ఓ పావుగంట పట్టింది. కుడివైపు పైన ఒక చేతిలో కత్తెర ఉంది. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

సాంతెరియాని "చేతబడి" అన్నావే, ముందు అది కొట్టేయ్. పశ్చిమాఫ్రికా యోరుబా జాతి దేవతల్ని క్యూబాలో కొలిచే కొలుపు అది. ఆయన్ని చిన్నప్పుడు దగ్గరికి తీసిన మాంతోనికా విల్సన్ ఆ పూజారిణి. మన పోతురాజు కొలుపుని ఎవడైనా ఆ మాటంటే ఊరుకుంటావా?

పికాసోకి పేజీన్నర ఇచ్చావు, నాలుగు లైన్లు చాలు. లామ్ పారిస్‌లో ఆయన్ని కలిసింది 1938లో. అంతకు ముందే లామ్ స్పెయిన్‌లో పదిహేనేళ్ళున్నాడు, అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన నిలబడ్డాడు. 1931లో భార్య, పసివాడు క్షయతో పోయారు. దాన్ని ఒక్క లైన్లో చెప్పి వదిలేశావు, బాగుంది, ముట్టుకోకు.

కలల్ని, మనసు లోపలి వింతల్ని బొమ్మకట్టే సర్రియలిజం ఉద్యమం అనగానే "కల" అని ఏడుసార్లు వాడావు. 1941లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నుంచి ఆ ఉద్యమ నాయకుడు బ్రెతాన్‌తో కలిసి ఓడెక్కి, చివరికి క్యూబా చేరినవాడు గీసింది కళ్ళముందున్న చెరుకునే. 1945లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆ బొమ్మ కొని, చాలా ఏళ్ళు సందర్శకులు చలికోట్లు దాచుకునే గది దగ్గర నడవలో వేలాడదీసింది. ఇది నీ రెండో పేరాలో రావాల్సిన సంగతి.

తిరగరాసి పంపు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు. టెన్షన్ పడకు, గడువు ఇంకా ఉంది. కత్తెర పట్టుకున్న ఆ చెయ్యి ఎవరిదో చూసి మరీ రాయి.

మీ అన్నయ్య