అమెరికాలోని ఒహాయోలో అల్లుడికి లాటరీ తగిలింది, ట్రస్టు పెడితే ఊళ్లో తెలియకుండా ఉంటుందా?

అక్కా, బొబ్బిలి నుంచి మీరు రెండు విషయాలు అడిగారు. ట్రస్టు పేరుతో, అంటే సొమ్ము మన తరఫున చూసుకునే చట్టపరమైన ఏర్పాటు పేరుతో తీసుకుంటే అల్లుడి పేరు బయటికి రాదా, ఊళ్లో ఎవరికీ తెలియకుండా ఉంటుందా అని. మొదటిదానికి ఒహాయోలో భయం లేదు. రెండోదాని గురించే నేను రాస్తున్నాను.

మా తమ్ముడు కూడా ఒహాయోలోనే ఉంటాడు. ఐదేళ్ల క్రితం వాడికీ తగిలింది. సొమ్ము తీసుకోవడానికి అక్కడ 180 రోజుల గడువు ఉంటుంది కాబట్టి ముందు లాయర్ దగ్గరికి వెళ్లాడు. ఆయన అడిగిన మొదటి మాట, "టికెట్ వెనక సంతకం పెట్టావా?" అని. 2018లో న్యూ హాంప్‌షైర్‌లో దాదాపు 56 కోట్ల డాలర్లు గెలిచిన ఒకావిడ తన పేరుతో సంతకం పెట్టేశాక ట్రస్టు సంగతి తెలుసుకుంది. టికెట్ మీద అప్పటికే తన పేరు ఉండటంతో, దాన్ని దాచుకోవడానికి కోర్టుకెళ్లి గెలవాల్సి వచ్చింది. మావాడు సంతకం పెట్టలేదు. అలాంటి టికెట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే అవుతుందని భయపడి బ్యాంకు లాకర్‌లో పెట్టాడు.

ట్రస్టుకి అరసవల్లి స్వామి పేరు పెట్టాలని వాడికి ఎంతో ఆశ. లాయర్ ఒప్పుకోలేదు. దేవుడి పేరు, ఊరి పేరు, ఇంటి పేరు ఏదున్నా ఆరా తీసేవాళ్లకి దారి దొరుకుతుందన్నారు. చివరికి మాకెవరికీ సంబంధం లేని పేరే పెట్టారు. లాటరీ వాళ్లు బయటపెట్టింది ఆ ఒక్క పేరే. అన్ని రాష్ట్రాల్లో ఇలా కుదరదు, కాలిఫోర్నియాలో గెలిచినవాళ్ల పేరు దాచరు.

అక్కడ అంత జాగ్రత్త పడితే, బయటపడింది శ్రీకాకుళంలో మా ఇంటి నుంచే. రథసప్తమికి మొక్కు తీర్చుకుని వస్తూ అమ్మ సంతోషం పట్టలేక మా చిన్నమ్మతో చెప్పింది. "నీతోనే చెప్తున్నాను, ఎవరితోనూ అనకు" అంది. ఆ వారంలోనే పెళ్లికి అప్పు కావాలని ఒకరు, చిట్టీ వేయమని ఒకరు, స్థలం కొనమని ఇంకొకరు వచ్చారు. కాదంటే అలకలు. నాన్న సాయంత్రం టీ కొట్టుకి వెళ్లడం మానేశారు. అమ్మకి బీపీ పెరిగింది, తన వల్లే ఇదంతా అని రాత్రుళ్లు ఏడ్చేది. ఆమెని ఒక్క మాట అనడానికి నాకు మనసొప్పలేదు. కొడుకు బాగుపడ్డాడని ఏ తల్లి చెప్పుకోకుండా ఉంటుంది?

అందుకే ఇంట్లో ఎవరెవరికి చెప్పాలో కూతురూ అల్లుడూ మీరూ కూర్చుని ముందే అనుకోండి. వాళ్లు మీకు డబ్బు ఇస్తే ఇక్కడ గిఫ్ట్ మీద ఇన్‌కమ్ టాక్స్ పడదు, ఆ టెన్షన్ వద్దు. కానీ ఒకేసారి మీ ఊరి బ్రాంచికి పంపించుకోకండి. నాన్న పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తుంటే వెనక నిలబడినవాళ్లు చూశారు. తర్వాత విశాఖలో ఖాతా తెరిచాం.

ముందు ఇవాళే అల్లుడికి ఫోన్ చేసి టికెట్ మీద సంతకం పెట్టాడో లేదో కనుక్కోండి అక్కా. పెట్టేసి ఉంటే ఆ మాట లాయర్‌కి మొదటే చెప్పమనండి.