కొత్త ఫోన్‌లో ఎలిమెంట్ మెసేజింగ్ యాప్ పాత మెసేజ్‌లు తెరుచుకోవట్లేదా?

అన్నా, కొత్త ఫోన్‌లో మీ మిర్యాలగూడ మిల్లు గ్రూపు పాత చాట్ తెరుచుకోవట్లేదని అడిగారు కదా. మీ మెసేజ్‌లు పోలేదు, వాటి తాళం చెవులు కొత్త ఫోన్‌కు రాలేదు. ఎలిమెంట్‌లో పాస్‌వర్డ్‌తో అకౌంట్‌లోకి వెళ్తాం, కానీ ఎన్‌క్రిప్ట్ అయిన (తాళం వేసినట్టు రహస్యంగా మార్చిన) పాత చాట్ దానితో తెరుచుకోదు, అందుకే గ్రూపు పేరు కనిపిస్తోంది, లోపలేమో అన్నీ డీక్రిప్ట్ కాలేదనే (తాళం తెరుచుకోలేదనే) వస్తోంది.

పాత ఫోన్ అమ్మే తొందరలో లాగౌట్ మాత్రం కొట్టకండి. రీసెట్ అసలే వద్దు.

1. పాత ఫోన్‌లో నెట్ ఆన్ చేసి ఎలిమెంట్ తెరవండి.

2. సెట్టింగ్స్‌లో కీ బ్యాకప్ (ఆ తాళం చెవుల కాపీని సర్వర్‌లో దాచడం) ఆన్‌లో ఉందో లేదో చూడండి. అందరూ వదిలేసేది ఇదే. బ్యాకప్ ఆఫ్‌లో ఉంటే, కొత్త ఫోన్ మనదేనని పాత ఫోన్‌తో నిర్ధారించే వెరిఫై సక్సెస్ అని చూపిస్తుంది గానీ పాత చాట్ రాకపోవచ్చు, మనమేమో యాప్‌ను తీసి మళ్లీ వేసి టెన్షన్ పడుతుంటాం. ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగండి. అప్పుడు వచ్చే రికవరీ కీని (బ్యాకప్‌ను తెరిచే పొడవాటి కోడ్‌ను) కాగితం మీద రాసుకోండి, ఆ ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి పెడితే లాభం లేదు.

3. కొత్త ఫోన్‌లో వెరిఫై నొక్కి, మరో డివైస్ ఎంచుకోండి. రెండు ఫోన్లలో ఎమోజీలు ఒకేలా ఉంటేనే ఓకే చేయండి.

పాత ఫోన్ ఇప్పటికే ఫార్మాట్ చేశారా? రికవరీ కీ ఉంటే అదే కొట్టండి. అదీ లేక, ఇంకే డివైస్‌లోనూ లాగిన్ లేకపోతే సర్వర్ నడిపేవాళ్లు కూడా తెరవలేరు. గ్రూపులో కంప్యూటర్‌లో వాడేవాళ్లను చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పంపమనండి.