చివరి సంవత్సరం ప్రాజెక్టుగా పులిజూదం

ప్రశ్న: నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా బ్యాచ్‌లో నలుగురం ఉన్నాం. యూనిటీ గేమ్ ఇంజిన్‌లో పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ (ఆటగాడు ఎటైనా తిరగగలిగే ఆట) చేద్దామనుకుంటే, మా గైడ్ ‘అందులో మీరు చేసే పని ఏమిటి?’ అని అబ్‌స్ట్రాక్ట్ (ప్రాజెక్టు సారాంశం) వెనక్కి ఇచ్చేశారు. గేమ్ డెవలప్‌మెంట్‌లోనే మరో అంశం సూచించగలరా?
— ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: మీ గైడ్ అడిగిన ప్రశ్ననే రేపు వైవాలో ఎగ్జామినర్ కూడా అడుగుతారు. ఓపెన్ వరల్డ్ ఆటలో కంటికి కనిపించే కొండలు, భవనాలు, పాత్రల నడక చాలావరకు రెడీమేడ్‌గా దొరికే అసెట్ స్టోర్ నుంచి తెచ్చుకున్నవే అవుతాయి, ఢీకొనడం, కిందపడడం వంటి లెక్కలను ఇంజిన్ చూసుకుంటుంది. ఇక మీ నలుగురూ స్వయంగా ఆలోచించి రాశామని చూపించుకోవడానికి మిగిలేది కొద్దిపాటి స్క్రిప్టులే. అందువల్ల అంకెల్లో జవాబు తేలే ఒక ప్రశ్నను ముందు ఎంచుకుని, దానికి సరిపడేంత చిన్న ఆటను తయారుచేయడం మంచిది.

నా మొగ్గు పులిజూదం వైపు. పాత గుళ్ల బండల మీద ఇప్పటికీ గీతలు కనిపించే ఈ ఆటలో సాధారణంగా 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది, మేకలు పులులను కదలకుండా కట్టేస్తే గెలుస్తాయి, మేకలన్నీ పటం మీదికి వచ్చేదాకా దించిన మేకను కదపకూడదు. ఇరుపక్షాల లక్ష్యాలు వేరు కనుక, ఎవరి స్థితి మెరుగ్గా ఉందో అంచనా వేసే ఫంక్షన్ రాయడంలోనే మీకు బోలెడు పని దొరుకుతుంది. పైగా ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టో ఒక్కోచోట ఒక్కో లెక్క. ఆ హద్దు ఎంత ఉంటే ఇరుపక్షాలకూ గెలిచే అవకాశం దాదాపు సమానమవుతుందన్నదే మీ ప్రాజెక్టు ప్రశ్న కావచ్చు.

దీనికి రాబోయే ఎత్తులను ముందే వెతికి మంచిదాన్ని ఎంచుకునే మినీమ్యాక్స్, ఆ వెతుకులాటలో అనవసరమైనవాటిని వదిలేసే ఆల్ఫా-బీటా పద్ధతులతో పులికొకటి, మేకకొకటి ప్రోగ్రాములు రాసి, హద్దు మారుస్తూ వాటిని వేల ఆటలు ఆడించాలి. అయితే రెండూ ఎప్పుడూ ఒకే స్థితికి ఒకే ఎత్తు ఎంచుకునేవైతే వెయ్యిసార్లు ఆడించినా వచ్చేది అదే ఆట. కాబట్టి మొదటి మూడు నాలుగు మేకలను యాదృచ్ఛికంగా దించాలి. పులి అటూ ఇటూ తిరుగుతూ ఆట ఎంతకీ తెమలని సందర్భాలు కూడా వస్తాయి, అదే స్థితి మూడోసారి వస్తే డ్రా అన్న నియమం ముందే పెట్టుకోండి.

ఆట నియమాల కోడ్‌ను ఇంజిన్‌కు సంబంధం లేకుండా విడిగా రాస్తేనే బొమ్మలు లేకుండా ఈ ప్రయోగాలు వేగంగా సాగుతాయి. తెర మీద సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లే. రెండు సెకన్లు పట్టే ఎత్తుల వెతుకులాటను ప్రతి ఫ్రేముకూ నడిచే అప్‌డేట్ ఫంక్షన్‌లో పెడితే అంతసేపూ తెర బిగుసుకుపోతుంది, దాన్ని వేరే థ్రెడ్‌లో (పక్కన సమాంతరంగా సాగే పనిగా) నడపాలి. ఇంజిన్ యూనిటీ అయినా, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ గోడో అయినా ఈ పనికి సరిపోతుంది. దాని మీద వాదులాడుకుంటూ వారాలు పోగొట్టుకోకండి. యూనిటీ అయితే లైబ్రరీ ఫోల్డర్‌ను గిట్‌లోకి (కోడ్ మార్పులను భద్రపరిచే సాధనం) ఎక్కించవద్దు, ఒకే సీన్‌ను ఇద్దరు ఒకేసారి మార్చవద్దు.

త్రీడీ మీదే మనసుంటే ఒక్క గదిని, అందులో ఆటగాడిని తరిమే శత్రువులను తీసుకోండి. 1968లో ప్రచురితమైన, దగ్గరి దారిని వెతికే ఏ-స్టార్ పద్ధతిలో ప్రతి శత్రువూ విడివిడిగా దారి వెతుక్కోవడానికీ, అందరికీ కలిపి ఒకే ఫ్లో ఫీల్డ్ (ఏ చోటి నుంచి ఎటు వెళ్లాలో చూపే పటం) లెక్కించడానికీ పట్టే సమయాలను, శత్రువుల సంఖ్యను 10 నుంచి 1000 దాకా పెంచుతూ కొలవండి. ఈ రెండు ప్రాజెక్టుల్లో ఏది ఎంచుకున్నా, అబ్‌స్ట్రాక్ట్ మొదటి వాక్యంలో ఆట పేరు కన్నా ముందు మీరు కొలవబోయేది ఏమిటో రాసి గైడ్‌కు చూపించండి.