మ్యాప్ చూడకుండా తిరిగే ఆటలు

ప్రశ్న: బెంగళూరులో మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటాను. సేల్ వచ్చినప్పుడల్లా పెద్ద పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్స్ (ఎటైనా మన ఇష్టం వచ్చినట్టు తిరగ్గలిగేవి) కొనేస్తున్నాను, 'ది విచర్ 3' కూడా ఉంది. కానీ కొన్నాళ్లు ఆడేసరికి మ్యాప్ నిండా గుర్తులు, ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి చెరిపేసుకుంటూ రావడం, అచ్చం ఆఫీసులో టికెట్లు క్లోజ్ చేస్తున్నట్టే ఉంటోంది. ఊరికే తిరుగుతుంటే ఏదో ఒకటి తగిలి 'అరె!' అనిపించేవి ఏమున్నాయి? నా లాప్‌టాప్ ర్యామ్ 8 జీబీ. రాత్రి ఓ గంట ఆడతాను.

జవాబు: మ్యాప్ ఎంత పెద్దదో చూసి కొనడం ముందు మానేయండి. ఎటు పోవాలో మీకు ఎవరు చెబుతున్నారో చూడండి: తెర మూలనున్న చిన్న మ్యాపా, ఎదురుగా కనిపించే కొండా?

2017లో వచ్చిన 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' ఇందులో అందరికీ గురువు. టవర్ ఎక్కితే ఆ ప్రాంతం నైసర్గిక పటం ఒక్కటే వస్తుంది, గుర్తులు మీరే పెట్టుకోవాలి. కొండల్ని కావాలనే త్రికోణాల్లా పేర్చామని దాని డిజైనర్లు చెప్పారు. ఎక్కుదామా, చుట్టూ తిరిగి పోదామా అని మీరు తేల్చుకునేలోపే అవతల ఉన్నది కొంచెం కొంచెంగా కనబడుతుంది, దాంతో వెళ్దామనుకున్న చోటు మర్చిపోయి ఇంకెటో పోతారు. అందులో 900 కొరాక్ విత్తనాలు దాచారు. అన్నీ ఏరితే ఇచ్చే బహుమతి చూడటానికి బంగారు పేడముద్దలా ఉంటుంది. అన్నీ ఏరక్కర్లేదురా బాబూ అని చెప్పడమే అది! అయితే దీనికి నింటెండో కంపెనీ గేమ్ మెషీన్ కావాలి, మీ లాప్‌టాప్‌లో కుదరదు.

'ఎల్డెన్ రింగ్' (2022) కూడా ఈ కోవదే. మొదటి ప్రాంతంలోనే తూర్పున అడవిలో ఒక లిఫ్ట్ ఉంటుంది, వెళ్లమని ఎవరూ చెప్పరు, ఎక్కితే దిగుతూనే ఉంటుంది. కింద ఏముందో నేనూ చెప్పను. కానీ అది కనీసం 12 జీబీ ర్యామ్ అడుగుతుంది, పైగా కష్టమైన ఆట. రోజుకో గంట ఆడేవాళ్లు ఒకే బాస్ (దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు) చేతిలో వారం చావొచ్చు.

మీకు సరిపోయేది 'ఔటర్ వైల్డ్స్' (2019). ఒక చిన్న సౌరకుటుంబం, మీదో నౌక, 22 నిమిషాలకోసారి అంతా మొదటికొస్తుంది. ఆయుధాలు లేవు, లెవెల్స్ లేవు, మిగిలేదల్లా మీరు తెలుసుకున్నది, అది నౌకలో లాగ్‌గా రాసి ఉంటుంది. ఒక గ్రహం ముక్కలు ముక్కలుగా విరిగి లోపలున్న బ్లాక్ హోల్‌లో పడిపోతుంటుంది, ఇంకోచోట జంట గ్రహాల్లో ఒకదాని ఇసుక రెండోదానిమీదికి కారిపోతూ ఉంటుంది, అందుకని ఒక గుహలోకి ఎప్పుడు వెళ్లారన్నదే ముఖ్యం. రాత్రి గంటలో రెండు రౌండ్లు హాయిగా పడతాయి. దీని గురించి యూట్యూబ్‌లో ఏమీ చూడకండి, ఆడేసిన రూమ్మేట్ ఉంటే పక్కన కూర్చోనివ్వకండి.

నీళ్లంటే భయం లేకపోతే 'సబ్‌నాటికా' బావుంటుంది. అందులో మ్యాప్ అనేదే లేదు, ఆక్సిజన్ ఎంతసేపు వస్తే అంత లోతు. చిన్నగా మొదలుపెడదామంటే 'ఎ షార్ట్ హైక్', ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

ఇక మీ దగ్గరున్న విచర్‌ని పారేయకండి. మ్యాప్ ఫిల్టర్‌లో ప్రశ్న గుర్తులు తీసేయండి, సెట్టింగ్స్‌లో మినీమ్యాప్ కూడా. అందులో స్కెల్లిగే అనే దీవుల చుట్టూ సముద్రంలో ఉన్న గుర్తుల్లో చాలావరకు స్మగ్లర్ల సరుకే, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే. ఆ ఆటలో అసలు సరుకు ఊళ్లలో మనుషులు చెప్పే గొడవల్లో ఉంది, రోడ్డు పట్టుకుని గుర్రం మీద పోతే అవే ఎదురొస్తాయి.

స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కొంటే 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. కొన్న రోజే కూర్చోండి, వచ్చే సేల్ దాకా అలా పడేయకండి.